రహస్యం వాళ్లది, ప్రాణం మనది

2011 సెప్టెంబర్. ఫుకుషిమాలో మూడు రియాక్టర్లు కరిగిపోయి అప్పటికి ఆరు నెలలు. లక్ష మందికి పైగా జనం ఇండ్లూ వాకిళ్లూ వదిలి శిబిరాల పాలైన్రు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం మీ దగ్గర ఉండాలె కదా, అది చూపించమని జపాన్ పార్లమెంటు కమిటీ టెప్కో కంపెనీని అడిగింది. టెప్కో కాగితాలైతే పంపింది. కానీ దాదాపు ప్రతి వరుస మీదా నల్ల సిరా పూసి పంపింది. ఇదేందని అడిగితే మేధో సంపత్తి హక్కులన్నది, భద్రత అన్నది. చివరికి అక్టోబర్‌లో అక్కడి నియంత్రణ సంస్థే ఆ నల్ల సిరా లేకుండా కాగితాలను బయటపెట్టింది. ఆకాశమేమీ కూలలేదు.

కూలాల్సింది ఆరు నెలల కిందనే కూలింది.

ఈ ముచ్చట ఇప్పుడెందుకు? ఆ నల్ల సిరా సీసా మన దేశానికి కూడా వస్తున్నది కాబట్టి. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు 'శాంతి' అని ముద్దుపేరు పెట్టి ఒక చట్టం చేసింది. 1962 నాటి అణుశక్తి చట్టాన్ని, 2010 నాటి అణు నష్టపరిహార చట్టాన్ని రద్దు చేసింది. అరవై ఏండ్లకు పైగా సర్కారు చేతిలోనే ఉన్న అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. ఇక ముందు రియాక్టర్ కట్టేవాడూ కంపెనీవాడే, నడిపేవాడూ కంపెనీవాడే కావచ్చు. వాడు నియంత్రణ మండలికి ఇచ్చే ప్రతి కాగితం మీదా 'వ్యాపార రహస్యం' అనే ముద్ర ఎవరు వేస్తరు? ఎవరు తీస్తరు? ఆ ముద్ర నిజమా అబద్ధమా అని ఎవరు చూస్తరు? ఈ ప్రశ్నలు అడగడానికి రియాక్టర్ కట్టేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

అసలు రహస్యమంటే ఏది?

వ్యాపార రహస్యాలే ఉండవని మేము అనడం లేదు. ఉంటయి. 2014 మే నెలలో అమెరికా సర్కారు ఐదుగురు చైనా సైనికాధికారుల మీద కేసు పెట్టింది. వెస్టింగ్‌హౌస్ కంపెనీ చైనాలో ఏపీ1000 రియాక్టర్లు కడుతున్న రోజుల్లో కంప్యూటర్లలోకి చొరబడి పైపుల కొలతలు, వాటిని నిలబెట్టే ఆధారాల డిజైన్లు, అవి పోయే దారుల వివరాలు దొంగిలించిన్రన్నది అందులో ఒక ఆరోపణ. ఇంజనీర్లు ఏండ్ల తరబడి కష్టపడి గీసిన గీతలను పోటీవాడు ఉత్తగనే ఎత్తుకపోతే అది దొంగతనమే. ఆ డ్రాయింగులు రోడ్డు మీద పెట్టమని మేము అడగం. ప్లాంటుకు కాపలా ఎట్ల కాస్తరో, తుపాకీ పట్టుకొని ఎక్కడ నిలబడుతరో కూడా చెప్పమని అడగం.

మరి మేము అడిగేదేంది? ఆ స్థలంలో ఎంత భూకంపం రావచ్చని లెక్కగట్టిన్రు? సముద్రం ఎంత ఎత్తు పొంగుతదనుకున్నరు? కరెంటు మొత్తం పోతే ఎన్ని గంటలు తట్టుకుంటది? గోడ పగిలితే గాలి వాటున ఉన్న ఊరికి ఎంత రేడియేషన్ వస్తది? వచ్చిన సామానులో తనిఖీవాళ్లకు ఎన్ని లోపాలు దొరికినయి? వీటిలో ఏ ఒక్క జవాబుతోనన్నా పోటీ కంపెనీ రియాక్టర్ తయారు చేసుకోగలదా? చేసుకోలేదు. వీటితో పనిపడేది ఆ ఊళ్లో ఉండేటోళ్లకే. బీజం గీత వ్యాపారమైతది. ప్రమాదం లెక్క వ్యాపారం కాదు.

కూడంకుళం చెప్పిన పాఠం

సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) ఏమంటది? వ్యాపార రహస్యాలు బయటపెడితే మూడో పక్షం పోటీలో దెబ్బతింటదనుకుంటే ఇవ్వకపోవచ్చు అంటది. పాలకులు ఇక్కడిదాకనే చదువుతరు. అదే వాక్యంలో ఇంకో ముక్క ఉన్నది. విశాల ప్రజా ప్రయోజనం ఉంటే ఇయ్యాల్సిందే అన్నది. సెక్షన్ 10 ఇంకో మాట చెప్తది. దాచాల్సిన ముక్కను వేరు చేసి మిగతాది ఇవ్వమంటది.

కూడంకుళం ఉద్యమ నాయకుడు ఉదయకుమార్ మొదటి రెండు రియాక్టర్ల భద్రతా విశ్లేషణ నివేదిక, స్థల పరిశీలన నివేదిక అడిగితే అణు విద్యుత్ కార్పొరేషన్ ఇయ్యనన్నది. దేశ భద్రత అన్నది, రష్యా కంపెనీ డిజైన్ అన్నది. 2012 ఏప్రిల్ 30న కేంద్ర సమాచార కమిషనర్ శైలేష్ గాంధీ తీర్పు చెప్పిండు. సరఫరాదారు సొంత డిజైన్ వివరాలుంటే అవి తీసేసి మిగతా నివేదికలు ఇయ్యమన్నడు, జనం చూసేటట్టు వెబ్‌సైట్‌లో పెట్టమన్నడు. అంటే రెండు వైపులా న్యాయం చేయవచ్చని తేలింది. కంపెనీ గీతలు కంపెనీకి, జనం ప్రాణాల లెక్క జనానికి. ఇంత సులువైన పనిని అంతకు ముందు చెయ్యలేనంత అడ్డంకి ఏమున్నది? అడ్డంకి మనసులోనే ఉన్నది.

మరుసటి ఏడాది, 2013 ఏప్రిల్‌లో, అదే కూడంకుళంలో నాలుగు వాల్వుల్లో లోపాలున్నయని నియంత్రణ మండలి ఒప్పుకున్నది. అప్పటికి ఏడాదిగా జనం నెత్తీ నోరూ కొట్టుకుంటనే ఉన్నరు. రష్యాలో ఒక పరికరాల కంపెనీ అధికారిని నాసిరకం ఉక్కు కేసులో అరెస్టు చేసిన్రు, మా ఊరికి వచ్చిన సామాను చూడండని మొత్తుకున్నరు. జనం అడిగితే పుకార్లు, మండలి చెప్తే వాస్తవం. ఈ రెంటి మధ్య పోయిన ఏడాదికి ఎవరు బాధ్యులు?

అమెరికాలో ఒక నీతి, ఇక్కడ ఇంకో నీతా?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు ఏపీ1000 రియాక్టర్లు పెట్టాలని ప్రతిపాదన. ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. డిజైన్ అదే వెస్టింగ్‌హౌస్ కంపెనీది. ఈ కంపెనీ తన సొంత దేశంలో ఎట్ల నడుచుకుంటదో చూద్దాం.

అక్కడి నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీకి కాగితం ఇచ్చి 'ఇది రహస్యం' అంటే సరిపోదు. ఎందుకు రహస్యమో ప్రమాణ పత్రం రాసియ్యాలె. ఏ పేజీలో ఏ ముక్క రహస్యమో గుర్తు పెట్టాలె. ఆ ముక్కలు తీసేసిన ఇంకో ప్రతి జనం కోసం ఇయ్యాలె. రహస్యమా కాదా అని తేల్చేది కంపెనీ కాదు, సంస్థ. నిజంగా రహస్యమే అని తేలినా, దాన్ని దాచడం ముఖ్యమా, జనానికి తెలియడం ముఖ్యమా అని తూచి చూడాలని నిబంధనలో రాసి ఉన్నది.

దాంతో ఏమైంది? 2009 అక్టోబర్‌లో ఏపీ1000 చుట్టూ కట్టే రక్షణ భవనం డిజైన్ చాలదని, అది తట్టుకుంటదని కంపెనీ రుజువు చేయలేదని ఎన్‌ఆర్‌సీ బహిరంగంగా చెప్పింది. కంపెనీ డిజైన్ మార్చుకొని వచ్చింది. మార్చినా కొన్ని భాగాలు పెళుసుగా ఉన్నయని సంస్థలోనే పనిచేసే ఇంజనీర్ జాన్ మా 2010లో రాతపూర్వకంగా అసమ్మతి తెలిపిండు. అది కూడా బయటికి వచ్చింది, చట్టసభ సభ్యుల చేతికి చేరింది. వాదోపవాదాలు నడిచినయి. 2011 డిసెంబర్‌లో ఆ డిజైన్‌కు ఆమోదం దొరికింది. జాన్ మా మాట నెగ్గిందా లేదా అన్నది వేరే సంగతి. వాదన జనం ముందర జరిగింది, కంపెనీ దివాలా తియ్యడానికి అది కారణం కాలేదు. అమెరికా మాకు ఆదర్శమని కాదు. వాషింగ్టన్‌లో చూపించే కాగితం రణస్థలంలో రహస్యం ఎట్లయితదని అడుగుతున్నం.

మన ఇంటి చరిత్ర

1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచినయి. కేబుళ్లు కాలి ప్లాంటుకు కరెంటు పోయింది. అసలు సంగతి తర్వాత నియంత్రణ మండలి మాజీ చైర్మన్ గోపాలకృష్ణన్ రాసిండు. ఆ రకం రెక్కలకు బీటలు పడుతున్నయని డిజైన్ ఇచ్చిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1989లోనే బీహెచ్ఈఎల్‌కు తెలిపింది. మార్పులు చెయ్యాలన్న సమాచారం అణు విద్యుత్ కార్పొరేషన్‌దాకా పోయింది. ప్రమాదం జరిగేదాకా రెక్కలు మాత్రం మారలేదు. కంపెనీకి తెలుసు, కొన్నవాడికి తెలుసు, తెలియనిది చుట్టుపక్కల ఊర్లకే.

గోపాలకృష్ణన్ చైర్మన్‌గా ఉన్నప్పుడే 1995లో మండలి అణు కేంద్రాల్లో 130 భద్రతా సమస్యలున్నయని నివేదిక తయారు చేసింది. దాన్ని రహస్యమన్నరు. బయటపెట్టాలని పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుదాకా పోయింది. 2004 జనవరిలో కోర్టు సర్కారు పక్షానే తీర్పు ఇచ్చింది. మండలికి కోరలెన్ని ఉన్నయో 2012లో కాగ్ లెక్క తేల్చింది. తప్పు చేస్తే వేసే గరిష్ఠ జరిమానా 500 రూపాయలు! 

ఇవన్నీ సర్కారు సంస్థలే ఉన్న కాలపు ముచ్చట్లు. అప్పుడు 'దేశ భద్రత' అనే ఒక్క తాళం ఉండె. ఇప్పుడు దాని మీద 'వ్యాపార రహస్యం' అనే రెండో తాళం పడబోతున్నది. కొత్త చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, మంచిదే. సమాచారం మీద ఆంక్షలు పెట్టే అధికారాన్ని మాత్రం పాత చట్టం నుంచి జాగ్రత్తగా మోసుకొచ్చింది. ఇంకొకటి చూడండి. లోపమున్న సామాను అంటగట్టిన సరఫరాదారు నుంచి నష్టపరిహారం తిరిగి రాబట్టే హక్కు 2010 చట్టంలో ఉండె. కొత్త చట్టం దాన్ని ఎగరగొట్టింది. లోపానికి పూచీ లేదు, లోపం వివరం చెప్పే పని లేదు. లాభం మాత్రం కంపెనీది. కంచెకు చట్టం చేసి, చేను తలుపు తీసిపెట్టిన చందం ఇది.

ఉద్యోగులారా, విద్యార్థులారా

ఇది కొవ్వాడోళ్ల గొడవ, కూడంకుళమోళ్ల గొడవ అనుకోవద్దు. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. వాటిని నడిపే కంట్రోలు పరికరాలు ఈసీఐఎల్‌లో తయారైతయి. ఆ గేట్ల లోపల పనిచేసేది మన అన్నదమ్ములే, ఆ గోడల పక్కన కాపురముండేదీ మనమే. రేపు ప్రైవేటు కాంట్రాక్టులు వస్తే ఉద్యోగి చేత మొదట సంతకం పెట్టించేది రహస్య ఒప్పందం మీదనే. కండ్ల ముందర బీట కనబడినా నోరు విప్పితే కొలువు పోయే కాగితం అది.

జపాన్‌లోనే ఇంకో కథ జరిగింది. రియాక్టర్ తనిఖీల్లో బీటలు దాచిపెట్టిన్రని జనరల్ ఎలక్ట్రిక్ తరఫున పనిచేసిన ఒక ఇన్‌స్పెక్టర్ 2000లో సర్కారుకు ఉత్తరం రాసిండు. నియంత్రణ అధికారులు ఏం చేసిన్రు? ఆయన పేరు తీసుకపోయి టెప్కోకే చెప్పిన్రు. రెండేండ్లకు, 2002 ఆగస్టులో, 29 తప్పుడు రికార్డుల సంగతి బయటపడింది. కంపెనీ అధ్యక్షుడు రాజీనామా చేసిండు, మరుసటి ఏడాది టెప్కో రియాక్టర్లు పదిహేడూ తనిఖీలకు ఆగిపోయినయి. కంపెనీ రహస్యాన్ని కంటికి రెప్పలా కాపాడిన అధికారులకు, నిజం చెప్పిన ఉద్యోగి పేరును కాపాడాలని తోచలేదు. రహస్యం ఎవరి కోసమో ఇంతకన్నా తేటగా చెప్పాల్నా?

అందుకే మేము అడుగుతున్నం:

ఒకటి, రహస్య ముద్ర వేసే కంపెనీ పేజీ పేజీకి కారణం చెప్పాలె, బాధ్యుడైన అధికారి ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాలె.

రెండు, రహస్యం తీసేసిన ప్రతిని అదే రోజు జనం ముందర పెట్టాలె, ప్లాంటు పెట్టే ప్రాంతపు భాషలో సారాంశం ఇయ్యాలె.

మూడు, భూకంపం, సముద్రం, వరద లెక్కలు, ప్రమాద విశ్లేషణ ఫలితాలు, రేడియేషన్ కొలతలు, పరికరాల లోపాలు, తనిఖీ నివేదికలు, జనాన్ని తరలించే పథకం - ఇవి ఎన్నటికీ వ్యాపార రహస్యం కావని నిబంధనల్లో రాయాలె.

నాలుగు, ముద్రకు గడువుండాలె. తప్పుడు ముద్ర వేస్తే శిక్షుండాలె. తగాదా వస్తే కాగితం తెప్పించుకొని చూసి తేల్చే అధికారం సమాచార కమిషన్‌కు ఉండాలె.

ఐదు, భద్రతా లోపం చెప్పిన ఉద్యోగి పేరును కంపెనీ డిజైన్ కన్నా గట్టిగా కాపాడాలె.

ఇందులో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. సగం మన సమాచార హక్కు చట్టంలో ఉన్నదే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం కంపెనీలు బయటి దేశాల్లో నోరెత్తకుండా పాటిస్తున్నదే. కొత్త చట్టం కింద నిబంధనలు రాసే చేతులకు ఈ మాట ఇప్పుడే వినబడాలె. సంఘం మీటింగులో, యూనివర్సిటీ హాస్టల్‌లో, కార్మికుల గేటు మీటింగులో ఈ ముచ్చట చర్చకు రావాలె. ఎమ్మెల్యే వచ్చినా ఎంపీ వచ్చినా ఆ ఐదు మాటలు ముందర పెట్టి నిలదీయాలె.

కంపెనీ తన గీతలను దాచుకోనీయి, మనకేం అభ్యంతరం లేదు. మన ఊరు ఎంత దూరం ఖాళీ చెయ్యాల్సొస్తదో చెప్పే లెక్కను దాచే హక్కు మాత్రం ఏ కంపెనీకీ, ఏ సర్కారుకీ లేదు.