నడుముకు కాపలా కాళ్లే
లడఖ్, స్పితి లోయల రాళ్ల దారులకు బయల్దేరే బైకర్లు నడుము నొప్పి భయంతో ముందుగా కొనేవి మెత్తటి సీటు కవరు, నడుము బెల్టు. నిజానికి నడుమును కాపాడేవి పాదాలు ఆన్చే ఫుట్‌పెగ్‌లు. కూర్చుని నడిపితే గుంతలో పడ్డప్పటి కుదుపు సీటు నుంచి నేరుగా వెన్నుపూసల మధ్య డిస్కులకు చేరుతుంది. పెగ్‌ల మీద లేచి నిలబడితే అదే కుదుపును చీలమండలు, మోకాళ్లు, తుంటి కీళ్లు పంచుకుంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ తొలి హిమాలయన్‌ బైకు ముందు సస్పెన్షన్ కదిలేది 200 మిల్లీమీటర్లు. కాస్త వంచిన కాళ్లు దానికి తోడయ్యే రెండో సస్పెన్షన్. అయితే ఊరికే నిలబడితే చాలదు. హ్యాండిల్ కిందికి ఉంటే పొడగరి వీపు విల్లులా వంగి కొత్త నొప్పి మొదలవుతుంది. అందుకే హ్యాండిల్‌ను రైజర్లతో ఎత్తాలి, ట్యాంకును మోకాళ్లతో పట్టాలి, వీపును కాక తుంటిని వంచాలి. వీపు సంచిలోని బరువును బండికి కట్టి, వెనుక స్ప్రింగ్ ప్రీలోడ్‌ను (ముందస్తు బిగువును) మొత్తం బరువుకు తగ్గట్టు సరిచేయాలి. తొడలు అలిసిపోతే ఎంతటి రైడరైనా మళ్లీ సీటు మీద కూలబడతాడు; కాబట్టి ప్రయాణానికి ముందు కొన్ని వారాలు గుంజీలు తీయడం బెల్టు కొనడం కన్నా తెలివైన పని. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి ఉన్నవారు మాత్రం ముందు డాక్టరును కలవాలి.