గృహవైద్యము: పెద్దవారి మూత్రపు మాత్రలు

సోదరీమణులారా, ఈ నెల మాకందిన జాబులలో ఒకటి మమ్ము చాల ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి మామగారికి డెబ్బదిరెండేండ్లు. రాత్రివేళ నాలుగైదుమారులు మూత్రమునకు లేచుచుండిరట. డాక్టరుగారు పరీక్షించి, పౌరుషగ్రంథి పెరిగినదని చెప్పి మాత్రలు వ్రాసియిచ్చినారు. బాధ కొంత తగ్గినది గాని, లేచి నిలుచుండగనే కన్నులకు చీకట్లు గ్రమ్ముచున్నవట. పదునైదు దినములలో ఆయనకు కంటి శుక్లము తీయించుటకు నిశ్చయమైనది. అదియుగాక ఈ సోదరి ఇప్పుడు మూడవనెల గర్భిణి. మాత్రలందిచ్చు పని ఆమెదే. ఇట్టి సంగతులు మామగారిని తానెట్లడుగుదునని ఆమె బాధ.

అడుగుటకు సిగ్గుపడు విషయమే. మగవారును చెప్పుకొనరు. కాని ఆ మౌనమువలన మా ఇంటనే ఎంతటి ప్రమాదము జరిగినదో ముందు చెప్పెదము.

మా మేనమామగారు మా యొద్దనే ఉందురు. వారికి టామ్సులోసిన్ అను మందు మొదలుపెట్టి పదిదినములైనది. అది దినదినము ఒకే భోజనమైన అరగంటకు వేసికొనవలసిన మందు. ఆనాడు ఏకాదశి. వారు ఉపవాసముండి, రాత్రి తొమ్మిదిగంటలకు వట్టి కడుపుతోనే మాత్ర మ్రింగి పండుకొనిరి. మంచినీళ్ల గ్లాసుతో మాత్రనందిచ్చినది మేమే. రాత్రి ఒంటిగంట దాటిన పిదప మూత్రమునకై దిగ్గున లేచి నాలుగడుగులు వేసి, గడపమీద పడిపోయిరి. కణతకు ఐదు కుట్లు పడినవి. వారు రక్తపోటునకు వేరొక డాక్టరుగారి మాత్రను కూడ వేసికొనుచున్నారని మాకు ఆసుపత్రిలో తెలిసినది. మూత్రపు మందు వ్రాసిన డాక్టరుగారికి ఆ సంగతి ఎవరును చెప్పలేదు, ఆయనయు అడుగలేదు.

ఇది ఏల జరిగినదో వినుడు. మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి మగవారికి కలదు. దానినే డాక్టర్లు ప్రోస్టేటు అందురు. వయసుతోపాటు అది పెరుగుట తల నెరయుటవంటిదే, కాన్సరు కాదు. పెరిగిన గ్రంథి నాళమును నొక్కును, ధార సన్నగిల్లును, మాటిమాటికి పోవలెననిపించును. దీనికిచ్చు మందులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగవి నాళము చుట్టునున్న కండరములను సడలించును. టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్, డాక్సజోసిన్, టెరజోసిన్, ప్రజోసిన్ ఈ తెగవే. కొలదిదినములలోనే గుణము కనిపించును. కాని రక్తనాళములలోను అట్టి కండరములే కలవు గదా! అవియు సడలినచో, లేచి నిలుచుండినపుడు రక్తము కాళ్లలోనికి దిగి తలకు చాలదు. అదియే కన్నులు చీకట్లు గ్రమ్ముట. కడపటి మూడు మందులు మొదట రక్తపోటునకే వాడుకలోనికి వచ్చినవి, కావున వానితో ఇది హెచ్చు. టామ్సులోసిన్‌తో తక్కువే గాని, వట్టికడుపున వేసికొన్నచో మందు రక్తములోనికి హెచ్చుగా చేరును. మా మేనమామగారి విషయమున ఉపవాసమొక్కటియే కారణమని చెప్పజాలము. రక్తపోటు మాత్రయు తోడైనది. ఐనను ఆ గ్లాసు మా చేతిదే గదా యని నేటికిని మనసున ములుకువలె నున్నది.

ఇప్పుడు మా ఇంట జరుగునది ఇది. వారు మెలకువ రాగానే లేవరు. మంచముమీదనే కూర్చుండి, కాళ్లు క్రిందికి వ్రేలాడవేసి, రెండు నిమిషములైన పిదప గోడనుపట్టుకొని లేతురు. దారిలో చిన్నదీపము రాత్రియంతయు వెలుగును. ఏకాదశినాడు మాత్ర సంగతి డాక్టరుగారినడిగియే నడుపుకొందుము. కొన్నిదినములు మందు మానిన యెడల, తమంతట తాము మరల మొదలుపెట్టక ఆయననే అడుగవలెను, ఏలన మొదటి మోతాదునాటి తలత్రిప్పు మరల రావచ్చును. ముక్కు దిబ్బడ, నీరసము కొందరికి కలుగును. అవి పెద్దవి కావు.

ఇక కంటి సంగతి. ఈ తెగ మందులు, అందును టామ్సులోసిన్, కంటిపాప చుట్టునున్న నల్లపొర కండరమును గూడ సడలించును. శుక్లము తీయునపుడు పాప విప్పారి నిలువవలెను. వీరికది ముడుచుకొనిపోవును, పొర తడిగుడ్డవలె అల్లలాడును. 2005లో అమెరికాలోని ఇద్దరు కంటివైద్యులు దీనిని మొదట వెల్లడించిరి. ముందే తెలిసియున్నచో శస్త్రవైద్యుడు తగిన మందులతో, పరికరములతో సిద్ధపడి చక్కగా ముగింపగలడు; తెలియనిచో కంటికే చేటు కలుగవచ్చును. శస్త్రమునకు ముందు నాలుగుదినములు మాత్ర మానినంత మాత్రమున ఈ గుణము పోదు. ఏనాడో మానినవారికిని ఉండవచ్చును. కావున, సోదరీ, మీ మామగారి మాత్రల పట్టీనే చేతబట్టుకొని కంటి ఆసుపత్రికి పొండు. నోటిమాటగా చెప్పినది మరపున పడవచ్చును.

రెండవ తెగవి ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్. వీని కథ వింతయైనది. డొమినికన్ రిపబ్లిక్ అను దేశమున సాలినాస్ అను పల్లెలో కొందరు పిల్లలు పుట్టుకతో ఆడపిల్లలవలె కనబడి, యౌవనమున మగవారగుచుండిరి. 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అను వైద్యురాలును ఆమె తోడివారును దీని కారణమును వెల్లడించిరి. పురుషత్వపు హార్మోనును మరింత తీక్ష్ణమైన రూపమునకు మార్చు ఒక ఎంజైము వారికి కొరవడినది. వారు పెద్దవారైనను పౌరుషగ్రంథి మిక్కిలి చిన్నదిగానే యుండెను. ఆ ఎంజైమునే మందుతో అడ్డగించినచో గ్రంథి కుంచించుకొనునను ఆలోచన అటనుండి బలపడినది. 1992లో ఫినాస్టెరైడ్‌కు అమెరికాలో అనుమతి లభించినది.

గర్భిణుల భయమునకు మూలమును ఈ కథలోనే కలదు. గర్భమున మగశిశువు అవయవములు ఏర్పడుటకు ఆ ఎంజైమే కావలెను. కనుక విరిగిన, నూరిన ఫినాస్టెరైడ్ మాత్రను, కారుచున్న డ్యూటాస్టెరైడ్ గొట్టమును గర్భిణులు తాకరాదు. ఈ మందు చర్మముగుండ ఒంటికెక్కును. పైపూత చెదరని మాత్రను అందిచ్చినంతలో ఫినాస్టెరైడ్ వలన భయము లేదు. ఐనను పెద్దవారు మ్రింగలేరని మాత్రను కల్వములో నూరి తేనెతో ఇచ్చు అలవాటు మన ఇండ్లలో కలదు; అది మానవలెను. పొరబాటున తాకినచో వెంటనే సబ్బుతో కడుగుకొని, డాక్టరమ్మకు చెప్పవలెను. ఈ కారణముననే ఫినాస్టెరైడ్ మానిన నెలవరకు, డ్యూటాస్టెరైడ్ మానిన ఆరునెలలవరకు మగవారు రక్తదానము చేయరాదందురు. మన దేశమున రెండు తెగలును ఒకే గొట్టములో కలిపి అమ్ముదురు. పట్టీమీద రెండు పేర్లున్నవేమో చూచుకొనుడు.

ఈ రెండవ తెగ గుణము కనిపించుటకు ఆరునెలలు పట్టవచ్చును. ఈలోపల కొందరికి దాంపత్యమున ఆసక్తి, శక్తి తగ్గును, కొందరు దిగులుపడుదురు, అరుదుగా రొమ్ములు వాచును. రొమ్మున గడ్డ తగిలినచో తప్పక చూపింపవలెను. మొదటి తెగవారికి వీర్యము వెలుపలికి రాకుండుట కలదు. దానివలన ప్రాణభయము లేదు గాని, చెప్పువారు లేక హడలిపోవుదురు. భర్త ముభావముగా నున్నచో తమయందు ప్రేమ తగ్గినదని భార్య లోలోన కుములుట మేమెరుగుదుము. కారణము మాత్రల డబ్బాలో నుండవచ్చును. మరియొకటి: కాన్సరును పసిగట్టుటకు చేయు పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష లెక్క ఈ మందువలన ఇంచుమించు సగమునకు దిగును. మందు సంగతి చెప్పనిచో ఉన్న రోగము లేనట్లే తోచును.

జలుబు మాత్రలతోను జాగ్రత్త వలయును. ముక్కుదిబ్బడకిచ్చు సూడోఎఫిడ్రిన్, తుమ్ములకిచ్చు క్లోర్‌ఫెనిరమిన్ పెద్దవారికి మూత్రమును పూర్తిగా బంధింపవచ్చును. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో చుక్కయు రాకున్నచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

జాబు వ్రాసిన సోదరీ, మామగారినడుగుటకు మీకు మొగమాటమైనచో మీ వారిచేత అడిగింపుడు, లేదా అత్తగారికి ఈ పుట చదివి వినిపింపుడు. మాత్రలందిచ్చు పనిని ప్రసవమగువరకు వారిలో ఒకరికి ఒప్పగింపుడు. మామగారిచేత మాత్రలు మాన్పింపవలదు. కన్నులు చీకట్లు గ్రమ్ముచున్న సంగతి మాత్రము రేపే డాక్టరుగారికి చెప్పింపుడు, మోతాదో వేళయో మందో మార్చెదరు. కంటి శస్త్రమైన పిదప ఎట్లున్నారో మాకు వ్రాయుడు.