పాత పికప్‌కు పాడె కట్టకండి

"పదిహేనేళ్ళ డీజిల్ బండికి ఇంకా డబ్బులు తగలేస్తున్నావా? పాత సామాను కింద అమ్మేసి కొత్తది తీసుకో!" మంచిర్యాల జిల్లా చెన్నూరులో టీ కొట్టు దగ్గరైనా, జిన్నింగ్ మిల్లు గేటు ముందు పత్తి బండ్ల వరసలోనైనా పాత టాటా 207 గానీ, పాత మహీంద్రా పికప్ గానీ కనబడితే చాలు, ఈ సలహా అడక్కుండానే దొరుకుతుంది. చెప్పేవాళ్ళలో షోరూం ఏజెంట్లున్నారు, ఫైనాన్స్ కుర్రాళ్ళున్నారు, హైదరాబాద్‌లో చదువుకుంటున్న సొంత కొడుకులూ ఉన్నారు. 2025 సెప్టెంబరులో సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక ఈ మాటకు మరింత ఊపొచ్చింది. ఇంటి ముందు చెట్టు నీడలో బండి కింద దూరి గ్రీజు పూసుకునే మనిషిని పిసినారి అంటున్నారు, పని తెలియనివాడు అంటున్నారు, ఊరి గాలి పాడుచేసేవాడు అంటున్నారు. ఈ మూడు నిందలకూ జవాబుంది. బండి మీద తీర్పును దాని పుట్టిన తేదీ చూసి ఇవ్వకూడదు, ఇవాళ్టి స్థితి చూసి ఇవ్వాలి. ఆ స్థితిని నిలబెట్టే పని వీలైనంత వరకు యజమాని చేతిలో ఉండాలి. నేను చెప్పేది ఇంతే.

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. "పదిహేనేళ్ళకు తీసెయ్యమని ప్రభుత్వమే చెప్పింది కదా" అని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. డీజిల్ బండికి పదేళ్ళు, పెట్రోలు బండికి పదిహేనేళ్ళు అన్న నియమం 2014, 2015లలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో వచ్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. అది ఢిల్లీకీ, ఆ చుట్టుపక్కల రాజధాని ప్రాంతానికీ సంబంధించింది. అక్కడి గాలి, అక్కడి రద్దీ వేరు. 2021 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పాత వాహనాల విధానం పేరులోనే 'స్వచ్ఛంద' అని ఉంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండదన్న నిబంధన ప్రభుత్వ వాహనాలకు పెట్టింది. మన పసుపు ప్లేటు పికప్‌కు ఉన్న షరతు ఫిట్‌నెస్ పరీక్ష. ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. పదిహేనేళ్ళు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు బాగా పెంచారు, నిజమే. ఫీజు పెంచడం వేరు, నిషేధించడం వేరు. అంటే చట్టం కూడా చివరికి అడిగేది స్థితినే. మన సలహాదారులే వయసు దగ్గర ఆగిపోయారు.

ఇక పిసినారితనం మాట. పాత బండికి ఖర్చెక్కువ అనేవాళ్ళు పద్దు పుస్తకంలో ఒక్క పేజీయే చదువుతారు. కొత్త పికప్ రోడ్డెక్కేసరికి పది లక్షల చుట్టుపక్కల పడుతుంది. అందులో ఎనిమిది లక్షలు 11 శాతం వడ్డీకి, ఐదేళ్ళ గడువుకు తెచ్చామనుకుందాం. నెలకు సుమారు 17,400 రూపాయల కిస్తీ. ఐదేళ్ళలో వడ్డీ ఒక్కటే 2 లక్షల 40 వేలు దాటుతుంది. అసలు జోలికి పోకుండా ఆ వడ్డీ డబ్బుతోనే పాత ఇంజన్‌కు బోరు పని చేయించి, క్లచ్ ప్లేటు, టైర్లు, బ్యాటరీ కొత్తవి వేసుకోవచ్చు.

పైగా మన పని ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. పత్తి కిరాయిలు దసరా తర్వాత ఊపందుకుని సంక్రాంతి దాటాక సన్నగిల్లుతాయి. తర్వాత కొన్నాళ్ళు మిర్చి, వడ్లు. మధ్యలో వారాల తరబడి బండి ఇంటి ముందే నిలబడుతుంది. కిస్తీకి మాత్రం సీజన్ లేదు. అన్నారం బ్యారేజీ బ్యాక్‌వాటర్ చెన్నూరు, కోటపల్లి మండలాల చేలను ముంచిన ఏడాది కూడా కిస్తీ తేదీ ఒక్కరోజు వాయిదా పడలేదు. అప్పు లేని పాత బండి పంట పోయిన ఏడాది మనతో పాటు ఊరికే పడి ఉంటుంది. అప్పు మీద తెచ్చిన కొత్త బండిని ఆ ఏడాదే గుంజుకుపోతారు. రోజూ నిండు లోడుతో హైదరాబాద్ తిరిగేవాడి సంగతి వేరు. అతనికి కొత్త బండి మైలేజీ, గ్యారంటీ గిట్టుబాటే. సొంత చేను, చుట్టుపక్కల పది ఊళ్ళ కిరాయి ఉన్న రైతుకు అదే సలహా ఇవ్వడం మాత్రం అన్యాయం.

"ఇంట్లో విప్పితే పాడవుతుంది, అది చదువుకున్నవాళ్ళ పని" అన్నది రెండో నింద. ఈ మాట అనేవాళ్ళు పాత డీజిల్ ఇంజన్ మూత తెరిచి చూసి ఉండరు. అందులో స్పార్క్ ప్లగ్గు లేదు, కంప్యూటర్ లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అది మన దగ్గర కోరేవి నాలుగు: శుభ్రమైన గాలి, నీళ్ళు కలవని డీజిల్, వేళకు మార్చిన ఆయిల్, వేడిని బయటికి పంపే రేడియేటర్. ఈ నాలుగూ ఇంటి దగ్గర చూసుకునేవే, షోరూం కన్నా ఇంటి దగ్గరే బాగా చూసుకునేవి.

గాలి సంగతే తీసుకోండి. చెన్నూరు నుంచి భీమారం, జైపూర్, శ్రీరాంపూర్ మీదుగా మంచిర్యాల దాకా 63వ నంబరు జాతీయ రహదారి మీద మన బండి బొగ్గు టిప్పర్ల వెనకాల, బూడిద లారీల వెనకాల పోతుంది. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. రోడ్డు దిగితే చేను బాటలో దుమ్ము. ఈ దారుల్లో తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు, చాలా ముందే మూసుకుపోతుంది. గాలి చాలనప్పుడు డీజిల్ పూర్తిగా మండదు, సైలెన్సర్ నల్లగా కక్కుతుంది. పత్తి సీజన్‌లో దూది పీచు రేడియేటర్ రెక్కల్లో చిక్కుకుని దుమ్ముతో కలిసి అట్టకడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఈ సంగతి వారం వారం బండి చుట్టూ తిరిగి చూసేవాడికే తెలుస్తుంది. ఆరు నెలలకోసారి సర్వీసుకు తోలేవాడికి హెడ్ గాస్కెట్ పోయాక తెలుస్తుంది.

డీజిల్లో నీళ్ళు చేరడం వానాకాలం రోగం. ఫిల్టర్ అడుగున ఉన్న మర వదులు చేసి ఆ నీళ్ళు దించెయ్యడానికి ఒక పానా చాలు. డీజిల్ లైనులో ఎయిర్ పడితే ఫిల్టర్ మీది స్క్రూ వదిలి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి నిఖార్సుగా డీజిల్ వచ్చాక బిగించాలి. ఆ సంగతి తెలియనివాడు కోటపల్లి అడవి దారిలో రాత్రంతా కూర్చుంటాడు. పొగ రంగు కూడా ఒక భాషే. నలుపైతే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో. నీలమైతే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నాజిళ్ళ వైపో, గాస్కెట్ వైపో చూడాలి. క్లచ్ వదిలినప్పుడు కింద 'టక్కు'మంటే క్రాస్ బేరింగులు అరిగినట్టు. నీట మునిగిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదనీ, ముందు సిలిండర్లలో నీళ్ళు వెళ్ళగొట్టి, ఆయిళ్ళన్నీ దించి మార్చాలనీ తెలిసినవాడు ఇంజన్‌ను దక్కించుకుంటాడు. 2022 జూలై గోదావరి వరద చూసిన ఊళ్ళకు ఇది పనికిమాలిన పాఠం కాదు.

ఇంటి పనికి ఒక హద్దుందని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఫ్యూయల్ పంపు కాలిబ్రేషన్, నాజిళ్ళ పీడనం చూడడం మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో పంపు షెడ్డు బెంచి మీద జరగాల్సిన పని. పంపు సీలు తెంచి స్క్రూ తిప్పితే పికప్ పెరుగుతుందని నమ్మేవాడు నిజానికి పెంచేది పొగనూ, పిస్టన్ల మీద వేడినీ. బ్రేకులు, స్టీరింగ్ అనుభవమున్న మేస్త్రి కంటి ముందే విప్పాలి. ఉత్త జాకీ మీద లేపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు వేసి తీరాలి. దించిన ఆయిల్‌ను మోరీలో పొయ్యడం, చెదలు పట్టకుండా కర్రలకు పూయడం మానుకోవాలి. ఆ నలుపు చివరికి చేరేది మన బావుల్లోకే. ఈ హద్దు తెలిసినవాడే పని తెలిసినవాడు.

కొత్త బండి దగ్గరికి వద్దాం. కామన్ రైల్, సెన్సార్లు, మసిని పట్టి ఉంచే ఫిల్టర్... వీటిని తిట్టడానికి నేను సిద్ధంగా లేను. అవి పొగను నిజంగా తగ్గించాయి. అయితే ఆ మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి ఇంటికి ఫస్ట్, సెకండ్ గేర్లలో ఈడ్చే బండికి ఆ అవకాశం తక్కువ. డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. ఆ దీపం ఏం చెబుతోందో చదవడానికి స్కానర్ కావాలి. చెన్నూరులో ఆగిన బండిని సుమారు 40 కిలోమీటర్ల అవతలి మంచిర్యాలకు మోసుకుపోవాలి.

ఈ రిపేరు తాళంచెవి కంపెనీ జేబులోనే ఉండడం ప్రకృతి నియమమేమీ కాదు. విడిభాగాలనూ, రిపేరు సమాచారాన్నీ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ మోటారు వాహనాలనూ అందులో చేర్చింది. అమెరికాలో సొంత ట్రాక్టర్‌ను సొంతంగా బాగుచేసుకునే వీలు కోసం రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో ఆ హక్కుకు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ కంపెనీ మీద దావా వేసింది. వాళ్ళు కోర్టుకెక్కి అడుగుతున్నది మన పాత పికప్‌తో పాటు మనకు ఊరికే వచ్చింది. దాన్ని తూకానికి అమ్మేయమంటున్నారు మనవాళ్ళు.

"కంపెనీయే ఆ మోడల్ ఆపేస్తే సామాన్లెక్కడివి?" అని అడుగుతారు. జహీరాబాద్‌లో లైట్ ట్రక్కులు తయారుచేసిన ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రా చేతికి పోయింది. డీసీఎం టొయోటా పేరూ ఫ్యాక్టరీ గేటు మీద మిగల్లేదు. వాటి బండ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళకేళ్ళు మన రోడ్ల మీద తిరిగాయి. తిప్పింది షోరూంలు కాదు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ మిషన్ల ముందు నిలబడ్డ మనుషులు.

మూడో నింద పొగ. ఇది మిగతా రెండింటిలాగా కొట్టిపారేసేది కాదు. ఎంత బాగా చూసుకున్నా పాత ఇంజన్ బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండంత శుభ్రంగా ఉండదు. అయినా పొగ అంతా వయసు ఖాతాలో రాయడం తప్పు. ఎక్కువ పాలు నిర్లక్ష్యానిదే. మూసుకుపోయిన ఫిల్టర్, కారే నాజిల్, తిప్పిన పంపు స్క్రూ, మోయలేని లోడు. పాత డీజిల్ బండ్ల పొగకు కూడా నిబంధనల్లో కొలత ఉంది: పరీక్షలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు, బీఎస్-4 బండికైతే 50. బండి నిలబెట్టి, పైపు పెట్టి నిజంగా కొలిస్తే చాలా వాదాలు అక్కడే తేలిపోతాయి. మనకు దొరికే డీజిల్ కూడా మారింది. బీఎస్-3 డీజిల్లో కిలోకు 350 మిల్లీగ్రాముల దాకా గంధకం ఉండొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అది 10కి మించకూడదు. ఆ మేలు పాత ఇంజన్‌కూ అందుతోంది. ఏడాదిలో కొన్ని నెలలు కొద్ది దూరాలు తిరిగే బండిని, రాత్రీ పగలూ తిరిగే బండినీ ఒకే గాటన కట్టడం పర్యావరణ ప్రేమ అనిపించుకోదు.

ఇక మావైపు వాళ్ళకే ఒక మాట. పాత బండి వాదాన్ని శత్రువుల కన్నా ఎక్కువ చెడగొడుతున్నది మార్పుల పిచ్చి. అదనంగా రెండు కమాన్ పట్టీలు వేయించి రెట్టింపు లోడు ఎక్కించేవాళ్ళున్నారు. పట్టీ బలపడినంత మాత్రాన యాక్సిల్, బ్రేకులు, చాసిస్ బలపడవు. బండి వంగకపోవడం వల్ల లోడు ఎక్కువైన సంగతి కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ముందు బిగించే ఇనుప గార్డులు గుద్దుడు దెబ్బను మెత్తబరచకుండా నేరుగా చాసిస్‌కూ, ఎదుటి మనిషికీ చేరుస్తాయి. వాటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. రాత్రి మెరిసే రిఫ్లెక్టర్ టేపు, మంచి వెనక దీపాలు, పనిచేసే సీటు బెల్టు, డీజిల్లో నీటిని పట్టే ఫిల్టర్... పాత బండికి కావాల్సిన మెరుగులు ఇవి. ఎయిర్ హారన్‌తో వయసు తగ్గదు.

కాబట్టి అడగాల్సింది ఇదీ. ఫిట్‌నెస్, పొగ పరీక్షలు కాగితం మీద కాకుండా బండి మీద జరగాలి. ఐటీఐలలో ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లల చేతికి పాత పంపుతో పాటు కొత్త స్కానర్ కూడా ఇవ్వాలి. కంపెనీలు రిపేరు పుస్తకాలనూ విడిభాగాలనూ చెన్నూరు షెడ్డు దాకా అందనివ్వాలి. అప్పుడు పరీక్షలో ఓడిన బండిని, అది నిన్న షోరూంలోంచి వచ్చిందైనా సరే, ఆపెయ్యండి. నెగ్గిన బండిని ఏ సంవత్సరానిదని అడక్కుండా దారి వదలండి.