కౌలు పొలంలో మామిడి మొక్క

మా చీపురుపల్లి వైపు ఏడాది కౌలుకి తీసుకున్న పొలంలో నువ్వులో గోగో వేస్తారు గానీ మామిడి మొక్క నాటరు. కాపుకొచ్చేసరికి పొలం ఎవరి చేతిలో ఉంటుందో! ఉద్యోగులే యజమానులైతే బాగా పని చేస్తారా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

1950లో యుగోస్లావియా ఫ్యాక్టరీల నిర్వహణని కార్మిక మండళ్ళకి అప్పగించింది. మొదట్లో ఉత్పత్తి బాగానే పెరిగింది. కానీ ఆస్తి మాత్రం 'సమాజానిది'. ఉద్యోగం మానేస్తే వాటా లేదు, అమ్ముకోడానికీ లేదు. దాంతో మిగులు వస్తే కొత్త యంత్రాల కంటే జీతాల పెంపుకే మొగ్గు, పెట్టుబడికేమో బ్యాంకు అప్పు.

మన స్టాక్ ఆప్షన్లు దీనికి తిరకాసు. చేతికొచ్చిన షేరు కంపెనీ వదిలేసినా మనదే, నిర్ణయాల్లో మాత్రం మన మాట చెల్లదు. వాళ్ళకి మాట ఉంది, వాటా లేదు. మనకి వాటా ఉంది, మాట లేదు. రెండూ ఉంటేనే మనిషి మామిడి మొక్క నాటుతాడని నా నమ్మకం. మీరేమంటారు?