రెండు డిస్కులున్నాయి కదా అనుకున్నా... ఒకటి పోయాక సర్వర్ లేవలేదు

"ఏరా, రెండు డిస్కులు పెట్టావుగా? ఒకటి పోతే ఇంకోటి నడుస్తుందన్నావుగా?"

పోయిన నెల 10వ తేదీ పొద్దున్నే మా మావయ్య ఫోన్‌లో అడిగిన మాట ఇది. కోపంగా కూడా అడగలేదు. నిజంగా తెలీక అడిగాడు. అందుకే ఇంకా ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

గుంటూరులో మావయ్యది మెడికల్ ఏజెన్సీ. కౌంటర్‌లో 5 బిల్లింగ్ కంప్యూటర్లు, వెనక గదిలో ఒక సర్వర్. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, మామూలు డెస్క్‌టాప్ డబ్బాలో ఉబుంటు వేసి నేను తయారు చేసిందే. స్టాకు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, ఎవరి దగ్గర ఎంత బాకీ, అన్నీ దాంట్లోని ఒక షేర్డ్ ఫోల్డర్‌లోనే. రెండు 480 జీబీ ఎస్‌ఎస్‌డీలు కొని రెయిడ్-1లో పెట్టా. అంటే ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. మూడేళ్లు ఏ గొడవా లేదు. ఇక్కడ నాస్‌ల గురించి, ఎస్‌ఎస్‌డీల గురించి తెగ రాసేవాణ్ణి కాబట్టి, మన ఇంట్లో సర్వర్‌కి ఏమవుతుందిలే అన్న ధీమా కూడా ఉండేది.

ఆ ముందు రోజు రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో నీరసించిందట, సర్వర్ ఆగిపోయింది. పొద్దున ఆన్ చేస్తే బూట్ అవ్వడానికి ఏ డిస్కూ లేదని నల్ల తెర మీద ఒకే ఒక లైను. మర్నాడు 11. జీఎస్‌టీఆర్-1 వెయ్యడానికి ఆఖరి రోజు.

విజయవాడ నుంచి బండి మీద వెళ్లేసరికి గంట పట్టింది. ఈలోగా షాపులో కుర్రాడు తెలిసిన కంప్యూటర్ రిపేరు అతనికి ఫోన్ చేస్తే, "ఓఎస్ కొత్తగా వేసేద్దాం, గంటలో అయిపోతుంది" అన్నాడట. అతను రాకముందే నేను చేరుకున్నా. ఈ మొత్తం కథలో నాకు కలిసొచ్చింది అదొక్కటే. బూట్ అవ్వని డిస్కు అంటే డేటా పోయిన డిస్కు అని అర్థం కాదు. కానీ దాని మీద కొత్తగా ఓఎస్ వేస్తే, అప్పటిదాకా బాగున్న డేటా కూడా నిజంగానే పోతుంది.

బయోస్‌లో చూస్తే ఒక్క ఎస్‌ఎస్‌డీయే కనిపించింది. కేబుల్ మార్చా, పోర్టు మార్చా, రెండోది పలకలేదు. హార్డ్ డిస్క్ అయితే పోయే ముందు చాలాసార్లు టకటకమని శబ్దం చేస్తుంది, స్లో అవుతుంది. ఎస్‌ఎస్‌డీలు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండానే మాయమైపోతాయి. సరే, ఒకటి చచ్చిపోయింది. మరి మిర్రర్ పెట్టిందే ఇలాంటి రోజు కోసం కదా? రెండోది ఎందుకు లేవలేదు?

ఎందుకంటే తప్పు నాది.

కంప్యూటర్ ఆన్ కాగానే ముందు లేచేది మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్. దానికి లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అంటే ఏంటో తెలీదు. దానికి తెలిసిందల్లా ఫ్యాట్32లో ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్. అందులోని బూట్‌లోడర్‌ని తీసుకుని దానికి పని అప్పగిస్తుంది. రెయిడ్ సంగతి ఆ తర్వాత లినక్స్ చూసుకుంటుంది. అందుకే ఈఎఫ్‌ఐ పార్టిషన్ మామూలుగా మిర్రర్ బయటే ఉంటుంది. రెండు డిస్కుల్లోనూ విడివిడిగా పెట్టుకోవాలి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో రెండో డిస్కుని కూడా బూట్ డిస్కుగా చేర్చే ఆప్షన్ ఉంది. మూడేళ్ల క్రితం నేను దాన్ని నొక్కలేదు. రెండో డిస్కులో అదే సైజు పార్టిషన్ చేసి, ఖాళీగా వదిలేశా. అంటే మావయ్య డేటాకి రెండు కాపీలున్నాయి కానీ, లోపలికి వెళ్లే తలుపు ఒక్కటే ఉంది. పోయిన డిస్కు ఆ తలుపున్నదే.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశా. అప్పుడు కూడా అరే దానంతటది లేవలేదు, ఇన్‌యాక్టివ్‌గా చూపించింది. ఇక్కడ చాలామంది తొందరపడి కొత్త అరే క్రియేట్ చేసే కమాండ్ కొడతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఉన్న అరేని రన్ చెయ్యమనే కమాండ్ వేరే ఉంది. దానికంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఎండీఆడ్మ్‌లో ఎగ్జామిన్ అని ఉంటుంది, ఆ డిస్కు చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చెబుతుంది. అది చదివేటప్పుడు నా చేతులు వణికాయని ఒప్పుకుంటున్నా. ఎందుకంటే ఈ మిగిలిన డిస్కు ఆర్నెల్ల క్రితమే అరేలోంచి ఊడిపోయి ఉంటే? అప్పుడు అదీ శుభ్రంగా లేస్తుంది, ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, కానీ అందులో ఆర్నెల్ల పాత లెక్కలుంటాయి. గమనించకుండా వాటి మీదే కొత్త బిల్లులు కొట్టేస్తే ఇక ఆ చిక్కు విప్పలేం.

టైమ్ చూశా. ముందు రోజు రాత్రి, కరెంటు పోవడానికి ఒక నిమిషం ముందు. హమ్మయ్య!

రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ముందు మొత్తం ఫోల్డర్‌ని నా దగ్గరున్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేశా. కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చి వెంటనే రీబిల్డ్ పెట్టేద్దాం అని చెయ్యి లాగుతుంది, కానీ రీబిల్డ్ అంటే మిగిలిన ఒకే ఒక్క డిస్కుని మొదటి నుంచి చివరిదాకా చదివించడం. రెండూ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే మోడల్ కొన్నవి. మూడేళ్లూ రెండింటి మీదా అచ్చంగా అవే రాతలు. ఒకటి పోయినప్పుడు రెండోది కుర్రదై ఉంటుందా?

కాపీ అయ్యాక దాన్ని ఒక బిల్లింగ్ కంప్యూటర్‌లో పెట్టి, షేర్ చేసి, మిగతా నాలుగింటినీ దానికి తిప్పా. ముందు రోజు ఆఖరి బిల్లు కాగితం తీసి నంబరు, మొత్తం సరిపోయాయో లేదో మావయ్యకి చూపించా. మధ్యాహ్నం పన్నెండున్నరకి కౌంటర్ మొదలైంది, అకౌంటెంట్ జీఎస్‌టీ పని మొదలుపెట్టింది. సర్వర్ ఇంకా చచ్చే ఉంది. ఇలాంటప్పుడు మనం మర్చిపోయేది ఇదే. మనకి సర్వర్ బాగవ్వాలి, షాపుకి బిల్లు కొట్టాలి. ఆ రెండూ ఒకే పని కాదు. షాపు నడుస్తుంటే సర్వర్ దగ్గర ప్రశాంతంగా కూర్చోవచ్చు, తొందరలో తప్పుడు కమాండ్ కొట్టే ప్రమాదం సగం తగ్గుతుంది. కాకపోతే ఇప్పుడు అసలు డేటా ఆ బిల్లింగ్ కంప్యూటర్‌లో ఉందని, సాయంత్రం దాన్నే వెనక్కి తేవాలని ఒక కాగితం రాసి మానిటర్‌కి అంటించా.

తర్వాత రెండో డిస్కులో ఖాళీగా ఉన్న పార్టిషన్‌ని ఫ్యాట్32 చేసి, గ్రబ్ ఎక్కించా. రీస్టార్ట్ చేస్తే గ్రబ్ వచ్చింది, లినక్స్ మొదలైంది, ఒకటిన్నర నిమిషం ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. ఇదెక్కడి గోల అనుకున్నా. చూస్తే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో చనిపోయిన డిస్కులోని ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఐడీ ఉంది, సిస్టమ్ దాని కోసం ఎదురుచూస్తోంది. ఐడీ మార్చి, పక్కన నోఫెయిల్ అని చేర్చా. అప్పుడు లేచింది. రెండో డిస్కులో గ్రబ్ కూడా ముందే ఉండి ఉంటే, ఆ రోజు పొద్దున సర్వర్ ఇదిగో ఇక్కడిదాకా వచ్చి మళ్లీ ఆగేది! ఒక తప్పు వెనక ఇంకో తప్పు దాక్కునుంది.

లేచాక లాగ్ తీసి చూస్తే అసలు షాక్ తగిలింది. ఆ ఎస్‌ఎస్‌డీ ఆ రాత్రి పోలేదు. 11 రోజుల క్రితమే పోయింది. ఆ 11 రోజులూ షాపు ఒక్క డిస్కు మీదే నడిచింది. అంటే మిర్రర్ తన పని తాను చేసింది, ఎవరికీ తెలియనంత చక్కగా చేసింది. ఎండీఆడ్మ్ డిస్కు పోయిందని మెయిల్ పంపడానికి చూస్తుంది, కానీ సర్వర్‌లో మెయిల్ బయటికి వెళ్లే ఏర్పాటే నేను చెయ్యలేదు. మూడేళ్ల క్రితం 'తర్వాత చేద్దాంలే' అనుకున్న పనుల్లో అదొకటి.

బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. రోజూ రాత్రి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి పడేలా పెట్టా. 23 రోజుల క్రితం కొత్త లేబుల్ ప్రింటర్‌కి యూఎస్‌బీ పోర్టు కావాలని కుర్రాడు దాన్ని పీకి సొరుగులో పెట్టాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, ఆ వైరు ఎందుకుందో నేనెవరికీ చెప్పలేదు.

కొత్త ఎస్‌ఎస్‌డీ కావాలనే వేరే బ్రాండ్ కొన్నా. పార్టిషన్ టేబుల్ కాపీ చేసే ఎస్‌జీడిస్క్ కమాండ్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అందులో ఆర్ ఆప్షన్ పక్కన రాసేది కొత్త డిస్కు పేరు, ఆ తర్వాత పాతది. మనకి అలవాటైన కాపీ కమాండ్‌కి ఇది తలకిందులు. తిరగేసి కొడితే బాగున్న డిస్కు పార్టిషన్లు పోయి, దాని మీద ఖాళీ డిస్కు టేబుల్ వచ్చి కూర్చుంటుంది. నేను రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, మూడుసార్లు చదివి ఎంటర్ కొట్టా. రీబిల్డ్ అరగంట పైనే పట్టింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. రెయిడ్-1 పెట్టామని చెప్పుకోవాలంటే ఒక డిస్కు పీకేసి మెషిన్ లేపి చూసి ఉండాలి. తర్వాత అది తిరిగి పెట్టి, ఇంకో డిస్కు పీకి మళ్లీ చూడాలి. అప్పటిదాకా మనం కొన్నది ధైర్యం మాత్రమే. ఈ తప్పు లినక్స్ వాళ్లకే పరిమితం అనుకోకండి. విండోస్ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ మిర్రర్ పెట్టినా రెండో డిస్కులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ మనమే చేసుకోవాలి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డ్ అయితే రెండు డిస్కుల్నీ ఒకటిగా చూపిస్తుంది కాబట్టి ఈ గొడవ ఉండదు, కానీ ఆ కార్డే పోతే అలాంటి కార్డు కోసం తిరగాలి. సైనాలజీ లాంటి నాస్‌లు తమ సిస్టమ్‌ని అన్ని డిస్కుల్లోనూ పెట్టుకుంటాయి. లినక్స్ మీద ఎంత ప్రేమ ఉన్నా, చూసుకునే మనిషి రోజూ పక్కన లేని షాపుకి నాస్ కొనడమే మేలని ఇప్పుడు నాకనిపిస్తోంది. ఈ మాట రాయడానికి కాస్త మనసొప్పలేదు.

ఇంకో మాట మా గురించే. ఇన్నేళ్లుగా నేను రాసిన నాస్ రివ్యూల్లో కాపీ స్పీడు ఎంత, ఫ్యాన్ శబ్దం ఎంత, యాప్ ఎలా ఉంది అన్నీ ఉన్నాయి. నడుస్తుండగా డిస్కు పీకి చూశా, రీబిల్డ్ ఇంత సేపు పట్టింది, ఫోన్‌కి అలర్ట్ ఇన్ని నిమిషాల్లో వచ్చింది అని ఒక్కదాంట్లోనూ లేదు. ఆ బాక్స్ కొనేదే దానికి కదా! ఇకనుంచి నా దగ్గరికొచ్చే ప్రతి బాక్స్‌లోనూ ముందు చేసే పని అదే.

మీలో చాలామంది మీ ఇంటికి, బాబాయి షాపుకి, అత్త నడిపే ట్యూషన్ సెంటర్‌కి 'కంప్యూటర్ తెలిసిన కుర్రాడు' లేదా 'అమ్మాయి' అయి ఉంటారు. డబ్బు ఒక్కదానికే ఉందంటే, రెండో డిస్కుని మిర్రర్‌కి కాకుండా బ్యాకప్‌కి వాడమంటాను. నా విషయంలో బ్యాకప్ 23 రోజులు వెనకబడితే మిర్రరే డేటా కాపాడింది, నిజమే. కానీ ఆ రోజు డిస్కు పోయింది కాబట్టి సరిపోయింది. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసినా, రాన్సమ్‌వేర్ వచ్చినా, మిర్రర్ ఆ నష్టాన్ని అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ నమ్మకంగా రాసేస్తుంది.

ఆ రాత్రి షాపు మూశాక బిల్లింగ్ కంప్యూటర్‌లోంచి డేటా వెనక్కి తెచ్చి, కొత్త డిస్కులో కూడా బూట్‌లోడర్ పెట్టి, అలర్ట్ మావయ్య ఫోన్‌కీ నా ఫోన్‌కీ వచ్చేలా చేశా. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ చెప్పాం. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వైరుకి ఎర్ర టేపు చుట్టి 'తియ్యకూడదు' అని రాశాం. ఆ తర్వాత సర్వర్ నడుస్తుండగానే డబ్బా మూత తీసి, "ఒక ఎస్‌ఎస్‌డీ పీకు మావయ్యా, నీకిష్టమైంది" అన్నా.

"ఇప్పుడేగా బాగుచేసింది, మళ్లీ ఎందుకురా?" అన్నాడు. కాసేపు రెండు వైర్లనీ అటూ ఇటూ చూసి, పాత డిస్కుది పీకాడు. నిమిషంలో ఇద్దరి ఫోన్లూ మోగాయి. సర్వర్ ఆపి, ఆ ఒక్క డిస్కుతోనే మళ్లీ ఆన్ చేశాం. లాగిన్ లైను వచ్చేదాకా మావయ్య అక్కణ్ణుంచి కదల్లేదు. వచ్చాక, "మరి ఇంకోటి కూడా చూద్దామా?" అని ఆయనే అడిగాడు. పీకిన డిస్కుని మళ్లీ అరేలో చేర్చి, సింక్ అయ్యేదాకా ఆగి, రెండోదీ పీకాం. షాపు షట్టర్ దించేసరికి పదకొండున్నర.