శిరస్త్రాణమును శాసనమును

మా పొరుగింట నొక బ్యాంకి ఉద్యోగి కాపురమున్నారు. సాలీన కొంతకాలము ఆయన సైనిక దుస్తులు ధరించి శిక్షణకు పోవుదురు. తమ వృత్తిని మానకయే దేశరక్షణకు సిద్ధముగా నుండువారి కొఱకు 1948వ సంవత్సరపు శాసనముచే ఏర్పడి, 1949 అక్టోబరు 9వ తేదీన రాజగోపాలాచారిగారిచే ప్రారంభింపబడిన టెరిటోరియల్ ఆర్మీలో ఆయన చేరియున్నారు.

ఒకనాటి యుదయమున నేను హెల్మెట్టును మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకుపై నుంచుకొని పాఠశాలకు బయలుదేరగా, ఆయన నన్నాపి, "మాస్టారూ, పడినయెడల పగులునది ట్యాంకా, తలయా?" అని యడిగిరి. "పోలీసువారుండు కూడలి రాగానే పెట్టుకొందును" అంటిని. ఆయన నవ్వలేదు. "యంత్రమునకు వేగము పెరిగినది గాని మన కపాలమునకు గట్టిదనము పెరుగలేదు. నియమమునకు కారణ మడుగరాదు, పాటింపవలెను. మా శిక్షణలో మొదటి పాఠ మిదియే" అనిరి.

ఆయన మొదటి మాటకు నేను తలయొగ్గితిని. రెండవ మాటను మాత్రము పూర్తిగా నంగీకరింపజాలను. ఏలయనగా, ఈ నియమము పుట్టినదే కారణ మడిగిన యొక వైద్యునివలన.

1935 మే 13వ తేదీన ఇంగ్లండులో, అరేబియా లారెన్సని ప్రసిద్ధి కెక్కిన టి.ఇ. లారెన్సు, సైకిళ్లపై పోవుచున్న యిద్దరు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలుపైనుండి పడెను. తలపై రక్షణ లేదు. ఆఱు దినములకు మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యు డొకడు. పిదప నాయన యిట్టి మరణములను లెక్కింప మొదలిడెను. రెండవ ప్రపంచయుద్ధపు తొలి 21 మాసములలో బ్రిటనునందు మోటారు సైకిళ్లపై పోవుచు 2,279 మంది చనిపోయిరనియు, మరణకారణములలో తలదెబ్బయే ప్రధానమనియు 1941లో ప్రకటించెను. శిరస్త్రాణము ధరించి గాయపడినవారిని ఆయన యేడుగురినే చూచెను. ఆ యేడుగురును బ్రదికిరి. ఆ యేడాది నవంబరులోనే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు భటులకు శిరస్త్రాణమును విధించెను. పౌరులకు ఆ నియమము 1973లో గాని రాలేదు. కావున ముందు లెక్క, తరువాత కారణము, కడపటనే యాజ్ఞ.

మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను శిరస్త్రాణమును విధించుచున్నది. 2019లో దానిని సవరించి జరిమానాను వేయి రూపాయలు చేసిరి. నాలుగేండ్లు దాటిన ప్రతివానికిని ధారణ యవసరమనిరి. 2021 జూన్ 1వ తేదీనుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్టు నమ్మరాదు. నియమములకు కొదువ లేదు.

అయినను ప్రతి యుదయమును మన పాఠశాల ద్వారమువద్ద నేను చూచున దేమి? తండ్రి తలపై హెల్మెట్టు కలదు. వెనుక కూర్చున్న బిడ్డ తల బోడిగా నున్నది. ఆ తండ్రి బిడ్డను ప్రేమింపడా? ప్రాణ మిచ్చునంతగా ప్రేమించును. కాని యాతడు జరిమానాకు వెఱచి ధరించెను గాని కారణ మెఱిగి ధరింపలేదు. భయముచేత నడచు విధేయత పోలీసువాని చూపు ముగిసినచోటనే ముగియును. కొందఱు పట్టీ బిగింపరు. మఱికొందఱు హెల్మెట్టునకును చెవికిని నడుమ ఫోను దూర్చి మాటలాడుచు పోవుదురు. ఒక యంత్రమునుండి కాపాడు సాధనమును వేఱొక యంత్రమునకు గూడుగా జేసిరి!

విద్యార్థులారా! హెల్మెట్టు లోపలి తేలికపాటి పొర దెబ్బ తగిలినపుడు తాను నలిగి, ఆ యదటును మెదడునకు చేరకుండ తగ్గించును. పట్టీ లేనిచో నది మీకంటె ముందే యెగిరిపోవును. ఈ రెండు మాటలను నేటి సాయంకాలము మీ యింట చెప్పుడు. నా పొరుగువారికి నేనిచ్చు ప్రత్యుత్తరమిదియే: సైనికునకు ఆజ్ఞ చాలవచ్చును, పౌరునకు కారణము కూడ కావలెను. దానిని బోధించుట మా యుపాధ్యాయుల పని.

ఇక నా హెల్మెట్టు ట్యాంకుపై నుండుట లేదు.