హంద్రి ఎక్కడ పుడుతుందో అడిగి చూడండి

మన వైపు పదో తరగతి పిల్లల్ని బ్రహ్మపుత్ర ఎక్కడ పుడుతుందని అడగండి, టక్కున చెప్తారు. మరి హంద్రి ఎక్కడ పుడుతుంది? నీళ్లు నములుతారు. ఇక్కడే, మద్దికెర పొలాల్లో పుట్టి, ఉత్తరానికి పారి, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే ఏరు అది.

తప్పు పిల్లలది కాదు. మన బళ్లల్లో భూగోళం అంటే సోషల్‌లో ఒక ముక్క. ఆ ముక్కలో మ్యాప్ పాయింటింగ్ మార్కులు. చుక్కలు పెట్టడం నేర్పిస్తే పాఠం అయిపోయినట్టే.

పత్తికొండ దగ్గర పందికోన రిజర్వాయర్ ఉంది. హంద్రి-నీవా కాలువ నీళ్లు అందులోకి వస్తాయి. పేరు హంద్రిది, నీళ్లు మాత్రం కృష్ణవి. మల్యాల దగ్గర శ్రీశైలం వెనక జలాల నుంచి మోటార్లతో మెట్టుమెట్టుగా ఎత్తిపోసి తెస్తారు. హంద్రి ఉత్తరానికి పోతుంటే ఈ నీళ్లు దక్షిణానికి ఎట్లా ఎక్కుతున్నాయి? కాలువ కంటే ఎత్తులో ఉన్న చేనికి నీళ్లు వాటంతట అవి ఎందుకు పారవు? ఇది అర్థమైన పిల్ల రేపు మా తండాకు లిఫ్ట్ ఎందుకు పెట్టలేదని ఆఫీసులో అడుగుతుంది.

కరువు సంగతీ అంతే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి మన దాకా వట్టిగా వస్తాయి. వర్షచ్ఛాయ ప్రాంతం అనే మాట పుస్తకంలో ఉంది. ఆ మాటకూ, అమ్మానాయన చేను ఎండి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోవడానికీ ఉన్న సంబంధం ఎవరూ చెప్పరు. ఇంట్లో అడిగితే తలరాత అంటారు. పిల్లలు కూడా వాళ్ల వెంటే పోతారు, తిరిగొచ్చేసరికి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి.

ఇంకో మాట. గిరిజన ప్రాంతం అనగానే అరకు, పాడేరు చూపిస్తారు. మంచిదే. కానీ కర్నూలు జిల్లాలో ఐదో షెడ్యూల్ కింద నోటిఫై అయిన ప్రాంతం లేదు. అందుకే 1/70 చట్టం గానీ, 1996 పెసా చట్టం గానీ మన సుగాలి తండాలకు వర్తించవు. మనం ఎస్టీలమే, మన నేల మాత్రం షెడ్యూల్డ్ ఏరియా కాదు. గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి హక్కు మారిపోతోంది. ఇంతకంటే పెద్ద భూగోళ పాఠం ఏముంది?

సార్లకు ఒక మనవి. గ్రామ రెవెన్యూ పటం ఒకటి బడికి తెప్పించండి. వంక, చెరువు, బోర్లు, తండా దారి అందులో పిల్లల చేతనే గుర్తుపెట్టించండి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు ఎందుకు వెతుకుతారో, వానకు మట్టి ఎట్లా కొట్టుకుపోతుందో చెప్పండి, ఒక్కడు కూడా నిద్రపోడు! ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, ఒకరోజు అక్కడికి తీసుకుపోండి.

తండా పెద్దలూ, సుగ్గికి బయల్దేరే ముందే బడికి పోయి సీజనల్ హాస్టల్ ఎప్పుడు తెరుస్తారో అడగండి. స్కూల్ కమిటీ మీటింగు పెడితే ఆ పటం సంగతి కూడా ఎత్తండి.